ఆసియా భాషలు, సంస్కృతులు మేజర్‌గానో మైనర్‌గానో చదవాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

యూనివర్సిటీలో చైనీస్, జపనీస్, కొరియన్, సంస్కృతం, హిందీ, తెలుగు, ఇండోనేషియన్ లాంటి భాషల్లో ఏదో ఒకటి డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుగా (మేజర్) గానీ పక్క సబ్జెక్టుగా (మైనర్) గానీ తీసుకుందామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. రూల్స్ ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటాయి, కాబట్టి క్రెడిట్ల సంగతి మీ డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో సరిచూసుకోండి. ఎక్కడైనా ఒకేలా వర్తించే మాట ఒకటుంది, దాన్ని ముందే చెప్పేస్తాను. చరిత్ర, సాహిత్యం, మతం కోర్సులు ఎప్పుడు తీసుకున్నా నడుస్తుంది. భాషను మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

ఇది భాష నేర్పే కోర్సా, సంస్కృతి గురించి చెప్పే కోర్సా?

రెండూనూ. మొదటి రెండేళ్ళు చూస్తే అచ్చంగా భాష కోర్సే అనిపిస్తుంది. మొదటి ఏడాది జపనీస్ క్లాసు వారానికి నాలుగైదు రోజులుంటుంది. కూర్చోగానే పది కాంజీల (జపనీస్‌లో వాడే చైనీస్ అక్షరాల) మీద ఐదు నిమిషాల క్విజ్. తర్వాత, ముందురోజు నేర్చుకురమ్మన్న సంభాషణను ఇద్దరిద్దరు లేచి అప్పజెప్పాలి. మూడో వాక్యం దగ్గర టీచర్ ఆపి "రేపు" అన్నచోట "నిన్న" పెట్టి చెప్పమంటారు. బట్టీ పట్టినవాళ్ళు అక్కడ దొరికిపోతారు. క్రియ ఎలా మారుతుందో తెలిసినవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి చెప్పేస్తారు. రోజూ ఇదే తంతు.

మూడో ఏడాది నుంచి సీను మారుతుంది. క్లాసులో పదిమంది కూడా ఉండరు. ముందు ఒక పత్రికా వ్యాసమో కథో ఉంటుంది, ఒక్కొక్కరు ఒక్కో పేరా చదివి అర్థం చెప్పాలి. ఈ వాక్యంలో కర్త ఎవరు, రచయిత ఇక్కడ వెటకారమాడుతున్నాడా నిజంగానే అంటున్నాడా అని పావుగంట వాదన నడుస్తుంది. ఈ డిగ్రీ అసలు సారం అదే. మొదటి రెండేళ్ళ చాకిరీ అంతా ఆ టేబుల్ దగ్గర కూర్చోవడానికే. రెండో ఏడాదితో మానేసేవాళ్ళు కష్టమైన సగం చేసేసి, ఆసక్తికరమైన సగం చూడకుండానే వెళ్ళిపోతారు.

మేజర్‌కీ మైనర్‌కీ తేడా ఏమిటి?

చాలాచోట్ల మేజర్ అంటే పది, పన్నెండు కోర్సులు: మూడు లేదా నాలుగేళ్ళ భాష, సాహిత్యం, చరిత్ర, మతం లేదా సినిమాల మీద కొన్ని, చివర ఒక సెమినార్ లేదా థీసిస్. మైనర్‌కి ఐదారు కోర్సులు చాలు. కొన్ని డిపార్ట్‌మెంట్లలో మొదటి ఏడాది భాషను మేజర్ లెక్కలో చూపరు, రెండో ఏడాది నుంచే లెక్క. మొదట్నుంచీ మొదలుపెట్టేవాళ్ళకి ఇది పెద్ద తేడా, కాబట్టి ముందే అడగండి.

మైనర్‌లో ఇంకో తిరకాసుంది. కొన్నిచోట్ల భాష అసలు లేకుండా, అనువాదంలో చదివే కోర్సులతోనే మైనర్ ఇచ్చేస్తారు. తప్పేం లేదు గానీ, రెజ్యూమేలో "జపనీస్ స్టడీస్" అని కనబడితే ఇంటర్వ్యూలో జపనీస్‌లో నాలుగు ముక్కలు మాట్లాడమంటారు. అప్పుడు నీళ్ళు నమలాల్సి వస్తుంది.

ఏ భాష ఎంచుకోవాలి?

ఉద్యోగాల లెక్కలు చూసి ఎంచుకునేవాళ్ళే ఎక్కువ. కానీ ఏ దేశపు ఆర్థిక వ్యవస్థ నాలుగేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. అనువాదంలో ఇప్పటికే మీరు ఇష్టంగా చదువుతున్నది, చూస్తున్నది, వింటున్నది ఏ భాషలోదో చూసుకోండి. ఈ భాషల్లో మొదటి ఏడాదిన్నర పెద్దగా ఫలితం కనబడదు, ఆ కాలాన్ని ఓర్చుకోవడానికి ఇష్టం తప్ప వేరే ఇంధనం పనిచేయదు.

ఇష్టం రెండు భాషల మీద సమానంగా ఉంటే, మీ యూనివర్సిటీలో నాలుగో ఏడాది వరకూ ఏది క్రమం తప్పకుండా నడుస్తోందో చూసి దాన్ని తీసుకోండి. వియత్నామీస్, థాయ్, టిబెటన్ లాంటివి కేటలాగ్‌లో ఉంటాయి గానీ ఏడాది విడిచి ఏడాది నడుస్తాయి, ఒకే ఒక్క టీచర్ మీద ఆధారపడి ఉంటాయి. ఆ టీచర్ సెలవులో వెళ్తే కోర్సు ఆగిపోతుంది.

తెలుగు మాతృభాష అయినవాళ్ళకి ఏది తేలిక?

వాక్య నిర్మాణంలో జపనీస్, కొరియన్. రెండింటిలోనూ క్రియ వాక్యం చివర్లోనే వస్తుంది. మన "కి", "లో", "తో", "నుంచి" లాగే విభక్తులు నామవాచకం వెనకే అతుక్కుంటాయి. "నిన్న నేను చదివిన పుస్తకం" అన్న వరసలోనే మాటలు నడుస్తాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న విద్యార్థి ఈ ఒక్క నిర్మాణంతో రెండు వారాలు కుస్తీ పడతాడు, మీకది కొత్త కాదు. కర్తను చెప్పకుండా వదిలేయడం, ఎదుటివాళ్ళ హోదాను బట్టి క్రియ మార్చడం కూడా మనకు అలవాటే. కాకపోతే కొరియన్‌లో, జపనీస్‌లో మర్యాద స్థాయిలు "నువ్వు, మీరు"తో ఆగవు.

ఇక్కడొక హెచ్చరిక. పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లిష్ తెలిసినవాళ్ళ కోసం రాసినవే. జపనీస్ వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, తర్వాత అర్థం చేసుకునే తెలుగు విద్యార్థులు చాలామంది. నేరుగా తెలుగులో ఆలోచిస్తే సగం శ్రమ తగ్గుతుంది.

చైనీస్‌లో వాక్య క్రమం వేరు, కానీ ఉచ్చారణలో మనకు ఒక లాభం ఉంది. చైనీస్ ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి 1958లో చైనా అధికారికంగా తెచ్చిన పిన్‌యిన్ పద్ధతిలో "బి" అని రాసేది నిజానికి మన "ప", "పి" అని రాసేది పెదవులు మూసి ఊపిరి వదిలే "ఫ". "డి", "టి" జతలోనూ "జి", "కె" జతలోనూ ఇదే సూత్రం. అల్పప్రాణం, మహాప్రాణం తేడా వర్ణమాలలోనే నేర్చుకున్నాం కాబట్టి వివరిస్తే వెంటనే పట్టుకుంటాం. అయితే "ఫలం"ని ఇంగ్లిష్ "ఎఫ్"లా పలికే అలవాటు ఇప్పుడు దాదాపు అందరికీ వచ్చేసింది, దాన్ని వదిలించుకోవాలి.

టోన్లంటే భయంగా ఉంది. నాకు సంగీతం రాదు.

టోన్ అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తు మారే తీరు, అది మారితే అర్థమే మారిపోతుంది. సంగీతానికీ దీనికీ సంబంధం లేదు. మాండరిన్‌లో నాలుగు టోన్లు, ఒక తటస్థ స్వరం. థాయ్‌లో ఐదు, కాంటనీస్‌లో ఆరు. గొంతు ఎంత పైకి వెళ్ళింది అన్నది మీ గొంతుతోనే పోల్చి చూస్తారు, శ్రుతి పెట్టె పక్కన పెట్టి కాదు. అసలు చిక్కు వేరు: కొత్త మాటను టోన్ లేకుండా నేర్చుకుని, టోన్ తర్వాత అతికిద్దాం అనుకోవడం. అది ఎప్పటికీ అతకదు. మొదటి నెల నుంచే మాటనూ టోన్‌నూ ఒకే ముక్కగా గుర్తుపెట్టుకోండి.

ఎన్నాళ్ళకు భాష వస్తుంది?

అమెరికా దౌత్యాధికారులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ఒకటి అందరూ ఉదహరిస్తారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు వృత్తిపరంగా వాడుకునే స్థాయికి రావడానికి స్పానిష్‌కి 600 నుంచి 750 క్లాసు గంటలు, ఇండోనేషియన్‌కి 900, హిందీ, తెలుగు, తమిళం, థాయ్, వియత్నామీస్‌లకు 1,100, చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్‌లకు 2,200.

ఇప్పుడు మీ టైమ్‌టేబుల్ తీయండి. వారానికి ఐదు గంటలు, సెమిస్టర్‌కి 15 వారాలు, ఏడాదికి రెండు సెమిస్టర్లు అంటే 150 గంటలు. నాలుగేళ్ళకు 600. అంటే చైనీస్ మేజర్ పూర్తి చేసినవాళ్ళు కూడా ఆ అంచనాలో మూడో వంతు దాటరు. ఈ లెక్క చూసి చాలామంది డీలా పడతారు గానీ, నాకైతే ఇందులో పనికొచ్చే సమాచారం కనిపిస్తుంది. మిగతా గంటలు క్లాసు బయట ఎలా సంపాదించాలో మొదటి ఏడాదే ప్లాన్ చేసుకోవాలి: వేసవి ఇంటెన్సివ్ కోర్సు, ఒక సెమిస్టర్ ఆ దేశంలో, వారానికొక సంభాషణ భాగస్వామి. ఈ మూడూ లేకుండా క్లాసులతోనే "ఫ్లూయెంట్" అయిపోతామని ఏ బ్రోషర్ చెప్పినా నమ్మకండి.

మూడో ఏడాదిలో మొదలుపెడితే కుదరదా?

మైనర్‌కైతే కుదరొచ్చు. మేజర్‌కి దాదాపు కుదరదు. ఒకటో స్థాయి పాసైతేనే రెండోది, రెండోది అయితేనే మూడోది. చాలా డిపార్ట్‌మెంట్లలో ఒకటో స్థాయి మొదటి భాగం ఏడాదికి ఒక్కసారే మొదలవుతుంది, ఆ సెమిస్టర్ తప్పిపోతే ఏడాది పోయినట్టే. ఇంకా ఏ మేజరో తేల్చుకోలేదనుకున్నా సరే, భాష క్లాసులో కూర్చోండి. నచ్చకపోతే మానేయడానికి ఒక సంతకం చాలు.

మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. తెలుగునే ఈ డిగ్రీలో చదవొచ్చా?

కోర్సు ఉన్నచోట తప్పకుండా. అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ లాంటి యూనివర్సిటీల్లో దశాబ్దాలుగా తెలుగు పాఠాలు నడిచాయి. అంతకు చాలా ముందు, నిఘంటువుతో మనందరికీ తెలిసిన సి.పి. బ్రౌన్ చివరి దశలో లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1961లో మొదలైన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ భారతదేశంలోనే ఉండి భారతీయ భాషలు నేర్చుకునే కార్యక్రమాలు నడుపుతుంది, వాటిలో తెలుగూ ఉంది.

ఇంట్లో మాట్లాడేవాళ్ళను ఈ రంగంలో హెరిటేజ్ స్పీకర్లు అంటారు. వాళ్ళ పరిస్థితి విచిత్రంగా ఉంటుంది: వినడంలో నాలుగో ఏడాది స్థాయి, రాయడంలో మొదటి ఏడాది స్థాయి. "అమ్మ నన్ను కేకలేసింది" అని టకటకా చెప్పేస్తారు, వార్తాపత్రిక సంపాదకీయంలో రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు. అందుకే పెద్ద డిపార్ట్‌మెంట్లు వీళ్ళకు వేరే సెక్షన్ పెడతాయి. ఆ సెక్షన్ ఉంటే అందులోనే చేరండి.

సులువుగా "ఎ" గ్రేడ్ కొట్టేద్దామని ఏమీ రానట్టు నటించి మొదటి ఏడాది క్లాసులో కూర్చునేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. రెండో రోజుకే టీచర్‌కి తెలిసిపోతుంది. జోక్ వేసినప్పుడు ముందు నవ్వేది వాళ్ళే మరి.

ప్లేస్‌మెంట్ టెస్ట్‌కి చదువుకుని వెళ్ళాలా?

వద్దు. అది మిమ్మల్ని ఏ స్థాయి భాష క్లాసులో కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికి పెట్టేది. ముక్కున పట్టి ఒక స్థాయి ఎక్కువ తెచ్చుకుంటే ఆ సెమిస్టరంతా టెన్షనే.

అనిమే, కె-డ్రామాలు చూసి వచ్చానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎందుకు? క్లాసులో సగం మంది అలా వచ్చినవాళ్ళే. టీచర్లకు తెలుసు, వాళ్ళకేం అభ్యంతరం లేదు. డ్రామాలు వందల గంటలు చూసినవాళ్ళకి చెవి బాగా తయారై ఉంటుంది, అది నిజమైన లాభం. నష్టం ఎక్కడంటే మాటతీరులో. అనిమేలో హీరో శత్రువును పిలిచే సంబోధనలతో ప్రొఫెసర్‌ని పలకరిస్తే క్లాసంతా గొల్లుమంటుంది. కొరియన్‌లో స్నేహితుల మధ్య వాడే రూపాలే నోటికి వచ్చేస్తుంటాయి, పెద్దవాళ్ళతో అలా మాట్లాడితే తప్పుగా తీసుకుంటారు. మొదటి ఏడాది టీచర్ దిద్దేది ఎక్కువగా ఇదే.

చైనీస్‌లో సరళీకరించిన లిపి నేర్చుకోవాలా, సంప్రదాయ లిపా?

చైనా ప్రభుత్వం 1956లోనూ 1964లోనూ చాలా అక్షరాల గీతలు తగ్గించింది. చైనా, సింగపూర్ ఆ రూపాలు వాడతాయి. తైవాన్, హాంకాంగ్ పాత రూపాలతోనే ఉన్నాయి. మీ డిపార్ట్‌మెంట్ ఏది నేర్పితే దానితో మొదలుపెట్టండి, రెండో ఏడాది అయ్యేసరికి రెండోది చదవగలిగేలా ఉంటే చాలు. ప్రాచీన గ్రంథాల వైపు వెళ్ళాలనుకుంటే మాత్రం సంప్రదాయ రూపాలు తప్పవు. ఈ ప్రశ్న మీద అవసరమైనదానికంటే ఎక్కువ వాదనలు జరుగుతుంటాయి.

కాంజీలు ఎన్ని నేర్చుకోవాలి?

జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన నిత్య వ్యవహార జాబితాలో 2,136 ఉన్నాయి. నాలుగేళ్ళ కోర్సులో అవన్నీ రావు, రానందుకు ఎవరూ ఫెయిల్ చేయరు. కొరియన్ తీసుకుంటే ఈ బెడద చాలావరకు లేదు. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన కొరియన్ లిపి హాంగుల్‌కి ఇప్పుడు 24 ప్రాథమిక అక్షరాలే, ఒక వారాంతంలో వచ్చేస్తాయి. ఆ సంతోషంలో కొరియన్ తేలిక అనుకోకండి. వ్యాకరణం రెండో సెమిస్టర్ నుంచి తన ప్రతాపం చూపిస్తుంది.

క్లాసికల్ భాష ఒకటి కచ్చితంగా చదవాలంటున్నారు. ఎవరూ మాట్లాడని భాష ఎందుకు?

నిజం చెప్పాలంటే ఈ డిగ్రీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

క్లాసికల్ చైనీస్ చైనా ఒక్కదానిదే కాదు. కొరియా, జపాన్, వియత్నాం పండితులు కూడా శతాబ్దాల పాటు అందులోనే రాసుకున్నారు. కొరియాలో ఆ భాష మీద నడిచే ప్రభుత్వ పరీక్షలు 1894 దాకా, వియత్నాంలో 1919 దాకా జరిగాయి. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క అర్థంకాని ఇద్దరు రాయబారులు కాగితం మీద రాసుకుంటూ సంభాషించుకునేవారు. ఆ ఒక్క భాష వస్తే నాలుగు దేశాల పాత గ్రంథాల తలుపు తెరుచుకుంటుంది.

జపనీయులు దాన్ని చదివిన తీరు ఇంకా తమాషాగా ఉంటుంది. చైనీస్‌లో క్రియ ముందు, కర్మ వెనక. జపనీస్‌లో మనలాగే కర్మ ముందు, క్రియ చివర. వాళ్ళు మూల వాక్యాన్ని ముట్టుకోకుండా, అక్షరాల పక్కన సన్నటి గుర్తులు పెట్టారు: ఇది దాటి వెళ్ళు, కిందిది చదివి వెనక్కి రా, ఇక్కడ ఈ విభక్తి చేర్చుకో అని. "చదివెను పుస్తకం" అని రాసి ఉన్నదాన్ని, పక్కన చిన్న కొక్కెం గుర్తు చూసి "పుస్తకం చదివెను" అని తిప్పి చదవడం అన్నమాట. ఈ పద్ధతిని కుందోకు అంటారు. క్లాసులో తొలిసారి ఒక పేజీ ఇస్తే కళ్ళు పైకీ కిందికీ పరిగెడుతుంటాయి, గంటకు ఐదారు పంక్తులు దాటవు. కొన్ని వారాలకు గుర్తులు వాటంతటవే కనబడడం మొదలవుతుంది. క్రియ కోసం వాక్యం చివరి దాకా ఆగే అలవాటు ఉన్న మనకు ఈ తిప్పడం ఇంగ్లిష్ విద్యార్థులకంటే త్వరగా పట్టుబడుతుంది.

దక్షిణాసియా వైపు వెళ్ళేవాళ్ళకు ఆ స్థానంలో సంస్కృతమో, పర్షియనో, పాత తమిళమో ఉంటుంది. మైనర్ వాళ్ళకు చాలాచోట్ల ఈ నియమం లేదు.

సంస్కృతి కోర్సులంటే పండగలు, వంటలు, దుస్తులేనా?

కాదు, అలాంటి కోర్సు కనబడితే దూరంగా ఉండండి. మంచి కోర్సు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు ఒక రాజుకు పద్యాల్లో రాసిన లేఖ ఉంది, సుహృల్లేఖ. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం చెబుతుంది. దాని సంస్కృత మూలం కనుమరుగై చాలాకాలమైంది. టిబెటన్, చైనీస్ అనువాదాల ద్వారానే మనకు దక్కింది. చైనీస్‌లోకి తెచ్చినవారిలో 7వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన యాత్రికుడు ఇత్సింగ్ ఒకడు. ఇప్పుడు ఆలోచించండి: ఈ లేఖ గురించి థీసిస్ రాయాలంటే విద్యార్థికి ఏ భాష రావాలి? ఏ దేశ చరిత్ర తెలియాలి? భారతీయ కోర్సులో చదవాలా, చైనా కోర్సులోనా, టిబెట్ కోర్సులోనా? ఇలాంటి ప్రశ్నకు ఒక సెమిస్టర్ సరిపోదు. భాషనూ సంస్కృతినీ ఒకే డిగ్రీలో కట్టడానికి కారణం ఇదే.

ఆధునిక విషయాల్లోనూ అంతే. కొరియన్ సినిమా కోర్సు తీసుకుంటే సెన్సార్‌షిప్, సైనిక పాలన, 1987 ప్రజాస్వామ్య ఉద్యమం లేకుండా మూడో వారం దాటలేరు.

డిపార్ట్‌మెంట్ పేర్లు ఎందుకు ఇన్ని రకాలుగా ఉంటాయి?

ఈ చదువు పుట్టింది పాలకుల, వర్తకుల, మిషనరీల అవసరాల కోసం. పారిస్‌లో ప్రాచ్య భాషల పాఠశాల 1795లో పెట్టారు. లండన్‌లో ఆసియా, ఆఫ్రికా చదువుల సంస్థ సోయాస్‌కి 1916లో చార్టర్ వచ్చింది. అమెరికాలో ఈ డిపార్ట్‌మెంట్లు విస్తరించడానికి ప్రచ్ఛన్న యుద్ధ కాలపు 1958 నాటి చట్టం ఇచ్చిన నిధులు పెద్ద కారణం. అప్పట్లో ఎక్కువగా "ఓరియంటల్" (ప్రాచ్య) పేర్లే. 1978లో సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ "ఓరియంటలిజం" అనే పుస్తకం రాసి, తూర్పు దేశాల గురించి పాశ్చాత్యులు పోగుచేసిన జ్ఞానం వెనక అధికారం ఉందని వాదించాక పేర్లు మెల్లగా మారడం మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ 2022లో మార్చింది, షికాగో యూనివర్సిటీలోని ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ 2023లో. మొదటి ఏడాదిలో ఈ చర్చ మీద ఒక వ్యాసం రాయమని కచ్చితంగా అడుగుతారు.

పేరులో ఆసియా ఉన్నా ఆసియా అంతా ఉండదు. పశ్చిమాసియాకు ఎక్కువగా వేరే డిపార్ట్‌మెంట్ ఉంటుంది. ఉజ్బెక్, కజఖ్ లాంటివి రష్యన్ డిపార్ట్‌మెంట్ దగ్గరో ఇంకెక్కడో తేలుతాయి. కేటలాగ్ మొత్తం వెతకండి.

జేఎల్‌పీటీ, హెచ్‌ఎస్‌కే, టోపిక్ రాయాలా?

ఇవి జపనీస్, చైనీస్, కొరియన్ భాషల స్థాయి పరీక్షలు. డిగ్రీకి అక్కర్లేదు, ఉద్యోగానికి, స్కాలర్‌షిప్‌కి పనికొస్తాయి. జపనీస్‌కి జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయులు, ఎన్1 అన్నిటికంటే కష్టం. ఇందులో మాట్లాడే పరీక్షా లేదు, రాసే పరీక్షా లేదు. అందుకే ఎన్2 సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా ఫోన్లో తడబడేవాళ్ళు కనిపిస్తారు. కొరియన్ టోపిక్‌లో ఆరు స్థాయులు, ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది, కాబట్టి మరీ ముందుగా రాస్తే వృథా. చైనీస్ హెచ్‌ఎస్‌కేకి 2021లో తొమ్మిది స్థాయుల కొత్త ప్రమాణం ప్రకటించారు. పాత ఆరు స్థాయుల పుస్తకాలు కొనే ముందు ఏ పద్ధతిలో పరీక్ష జరుగుతోందో చూసుకోండి.

ఒక సెమిస్టర్ ఆ దేశానికి వెళ్ళడం తప్పనిసరా?

తప్పనిసరి చేసిన చోట్లు తక్కువ. కానీ వెళ్ళొచ్చినవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ తేడా మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. రెండేళ్ళ భాష అయ్యాక వెళ్తే ఎక్కువ దక్కుతుంది. మొదటి ఏడాదే వెళ్తే తోటి విదేశీ విద్యార్థులతో ఇంగ్లిష్‌లో తిరిగొస్తారు. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో జపనీస్ భాషా సంస్కృతులు మేజర్‌గా చదివే డిగ్రీ విద్యార్థులకే ఒక ప్రత్యేక విభాగం ఉంది. తైవాన్ హువాయు స్కాలర్‌షిప్ చైనీస్ నేర్చుకునేవాళ్ళకు ఇస్తుంది. బయల్దేరే ముందు అక్కడి కోర్సులను ఇక్కడ ఏ స్థాయిగా లెక్కేస్తారో అడ్వైజర్ చేత రాతపూర్వకంగా రాయించుకోండి, నోటిమాట మీద వెళ్ళకండి.

వెళ్ళే వీలు లేనివాళ్ళకు వేసవి ఇంటెన్సివ్ కోర్సులున్నాయి. మిడిల్‌బరీ కాలేజీ వేసవి పాఠశాలల్లో, నేర్చుకునే భాష తప్ప ఇంకోటి మాట్లాడనని సంతకం పెట్టించుకుంటారు. భోజనాల దగ్గర కూడా అంతే. మొదటి వారం తలనొప్పి ఖాయం.

ఇంట్లో "అది చదివి ఏం చేస్తావు?" అంటున్నారు. ఏం చెప్పాలి?

వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. సూటిగా చెప్పాలంటే, ఈ డిగ్రీ ఒక్కటే చూసి ఉద్యోగమిచ్చేవి తక్కువ: భాషా బోధన, అనువాదం, గేమ్‌లనూ సాఫ్ట్‌వేర్‌నూ స్థానిక భాషలోకి మార్చే లోకలైజేషన్, లైబ్రరీలు, మ్యూజియంలు. జపాన్‌లో 1987 నుంచి నడుస్తున్న జెట్ ప్రోగ్రాం ఉంది. అందులో స్కూళ్ళలో ఇంగ్లిష్ నేర్పడానికి జపనీస్ అక్కర్లేదు, స్థానిక ప్రభుత్వ కార్యాలయాల్లో అంతర్జాతీయ సంబంధాల పోస్టుకి మాత్రం జపనీస్ కావాలి. ఆ రెండో పోస్టుకి ఈ మేజర్ వాళ్ళే ఎక్కువ సరిపోతారు.

మిగతా ఉద్యోగాలన్నీ "ఇంకోదానితో కలిపి" వచ్చేవి. కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, లా, పబ్లిక్ హెల్త్, జర్నలిజం, వీటిలో ఒకటి, పక్కన మూడేళ్ళ కొరియన్. సరఫరాదారుతో సమావేశంలో అవతలివాళ్ళు తమలో తాము ఏమనుకుంటున్నారో అర్థమయ్యే ఇంజినీర్‌కి ఎక్కడైనా విలువుంటుంది. కాబట్టి ఇంట్లో ఒప్పుకోకపోతే డబుల్ మేజర్ చేయండి, అదీ కుదరకపోతే భాష ఉన్న మైనర్ తీసుకోండి. సైన్స్ మేజర్‌తో జోడిస్తే ల్యాబ్ టైమింగులూ రోజూ ఉండే భాష క్లాసూ గుద్దుకుంటాయి, అదొక్కటే పెద్ద అడ్డంకి. రిజిస్ట్రేషన్ తెరుచుకున్న మొదటి గంటలోనే భాష సెక్షన్ పట్టుకోండి.

అనువాదం ఏఐ చేసేస్తుంటే ఇంకా భాష నేర్చుకోవడం ఎందుకు?

మాన్యువల్స్, ఈమెయిళ్ళు, ఉత్పత్తి వివరణలు లాంటి రోజువారీ అనువాదం చాలావరకు యంత్రాల చేతికి వెళ్ళిపోయింది. ఆ పని మీద బతుకుదామని ఈ డిగ్రీలో చేరుతుంటే మళ్ళీ ఆలోచించండి.

యంత్రం ఇంకా తప్పటడుగులు వేసేది ఎక్కడో మేజర్ విద్యార్థులకు రెండో ఏడాదిలోనే కనిపిస్తుంది. జపనీస్ కథలో నాలుగు వాక్యాల పాటు కర్త ఉండదు. ఎవరు వెళ్ళారు, ఎవరు ఏడ్చారు అన్నది క్రియ మర్యాద రూపాన్ని బట్టే తేలాలి. యంత్రం ధైర్యంగా "అతను" అని పెట్టేస్తుంది, పైగా వాక్యం చక్కగా చదివిస్తుంది కూడా. భాష రానివాళ్ళకు ఆ తప్పు కనబడే దారే లేదు. ఇక ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడటానికి ఫోన్ మధ్యలో పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

హోంవర్క్‌లో వాడితే మాత్రం నష్టం మీకే. క్విజ్ కాగితం మీద ఉంటుంది.

రెండు భాషలు ఒకేసారి మొదలుపెట్టొచ్చా?

వద్దు. మొదటిది రెండేళ్ళు నడిచాక రెండోది.

మధ్యలో ఆపేస్తే ఇంతవరకు చదివింది వృథానా?

క్రెడిట్లు ఎలాగూ పోవు, చాలాచోట్ల భాష రిక్వైర్‌మెంట్‌కో మైనర్‌కో సర్దుకుంటాయి. ఆపే ముందు ఒక విషయం చూసుకోండి. పాస్–ఫెయిల్ పద్ధతిలో (గ్రేడ్ లేకుండా పాసా ఫెయిలా అని మాత్రమే వచ్చేలా) తీసుకున్న కోర్సులను చాలా డిపార్ట్‌మెంట్లు మేజర్‌లో లెక్కించవు. గ్రేడ్ పడిపోతుందన్న భయంతో ఆ బటన్ నొక్కి, తర్వాత అదే కోర్సు మళ్ళీ చదివేవాళ్ళున్నారు. భాష క్లాసులో గ్రేడ్ పడిపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు గైర్హాజరీయే. ఒక వారం రాకపోతే నాలుగైదు క్విజ్‌లు, ఒక పాఠం పోతాయి. ఆపాలనిపిస్తే ముందు టీచర్‌ని ఆఫీస్ అవర్స్‌లో (విద్యార్థుల కోసం టీచర్ కేటాయించే సమయంలో) కలవండి.

చేరడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోగా ఏం చేయాలి?

లిపి నేర్చుకోండి. జపనీస్ అయితే హిరగానా, కటకానా. రెండింటిలోనూ 46 చొప్పున ప్రాథమిక అక్షరాలే. కొరియన్ అయితే హాంగుల్. చైనీస్ అయితే పిన్‌యిన్, నాలుగు టోన్లు, గీతలు గీసే క్రమం. చేత్తో రాయండి, టైప్ చేయడం తర్వాత. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకుంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నదానికంటే దగ్గరగా వస్తుంది, కానీ మూడో వారానికి అదీ మానేయాలి. వ్యాకరణం పుస్తకాలు ముందే కొనకండి. క్లాసులో వాడే పుస్తకం ఏదో డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ రాస్తే చెబుతారు, ఏ ఎడిషనో కూడా అడగండి.